సగం క్లోరిన్, సగం మిథైల్ అని రాసి వదిలేయవచ్చునా? బ్రాగ్ బిందువుల నడుమ కనబడే గీతల గురించి

స్ఫటికశ్రీ
నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థినిని. మా పదార్థం బెంజిలిడీన్ అనిలీన్ కుటుంబానికి చెందినది. అణువుకు ఒక కొసన క్లోరిన్, రెండో కొసన మిథైల్ ఉంటాయి. స్ఫటికంలో ఈ అణువు సౌష్ఠవ కేంద్రం (ఒక వైపు ఉన్నదే ఎదురు వైపూ ఉండాల్సిన బిందువు) మీద కూర్చున్నది కాబట్టి రెండు కొసల్లోనూ సగం క్లోరిన్, సగం మిథైల్ అని పెట్టి నిర్మాణాన్ని సరిదిద్దాను. కొలతకూ లెక్కకూ మధ్య తేడాను చెప్పే ఆర్ విలువ 4.3 శాతానికి దిగింది. అంతటితో ఆగి ఉంటే ఈ పాటికి వ్యాసం పంపేసి ఉండేదాన్ని. ఊరుకోలేక ఫ్రేములన్నీ, అంటే డిటెక్టర్ తీసిన ఎక్స్‌రే చిత్రాలన్నీ, కలిపి వ్యుత్క్రమ జాలకంలోని (వివర్తన బిందువుల త్రిమితీయ పటంలోని) పొరలను పునర్నిర్మించి చూశాను. బ్రాగ్ బిందువుల (స్ఫటికపు క్రమం వల్ల ఎక్స్‌రేలు పదునుగా పడే చుక్కల) వరుసలకు సరిగ్గా నడుమ, సి-అక్షం దిశలో స్థానం చెప్పే ఎల్ విలువ అర, ఒకటిన్నర, రెండున్నర దగ్గర, మసక గీతలు కనిపించాయి. గైడ్ గారికి చూపిస్తే అది నేపథ్యమని, ఆక్యుపెన్సీ (ఒక చోట ఆ గుంపు ఉండే వాటా) 0.5 అని రాసి ముందుకు పొమ్మని అన్నారు. నా సందేహం ఒక్కటే. 0.5 అన్నది జవాబా, లేక ప్రశ్నను దాచిపెట్టే అంకెనా?

అడ్డుప్రశ్న
4.3 వచ్చాక కూడా అసంతృప్తి ఏమిటండీ? మా ప్రయోగశాలలో 7 వస్తే మిఠాయిలు పంచుకుంటాం.

మోంటీకార్లో_మూర్తి
అడ్డుప్రశ్న గారూ, మిఠాయిలు తప్పక పంచుకోండి, కాని ఆ 4.3 దేనికి వచ్చిన మార్కో చూడండి. బ్రాగ్ బిందువులు చెప్పేది సగటు యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడి) గురించి మాత్రమే. పెళ్ళి భోజనాల బంతిలో ప్రతి విస్తరి ముందు కూర్చున్నవారిని ఒకే దూరం నుంచి ఫోటో తీసి, ఆ ఫోటోలన్నిటినీ ఒకదాని మీద ఒకటి వేస్తే, సగం పంచె, సగం చీర కట్టుకున్న ఒక విచిత్రమైన మనిషి కనిపిస్తాడు. భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నా, మగవారంతా ఒక బంతి, ఆడవారంతా ఒక బంతి అయినా, ఎవరికి తోచిన చోట వారు కూర్చున్నా ఆ సగటు ఫోటోలో రవ్వంత తేడా రాదు. శ్రీ గారి 4.3 శాతం ఆ సగటు ఫోటో ఎంత స్పష్టంగా వచ్చిందో చెబుతుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది మాత్రం బిందువుల నడుమ పడే డిఫ్యూజ్ స్కాటరింగ్‌లోనే, అంటే ఆ మసక వెలుగులోనే, ఉంటుంది.

పైగా ఇక్కడ 0.5 అనేది కొలిచి తెలుసుకున్న అంకె కూడా కాదు. సౌష్ఠవ కేంద్రం ఉందని ఒప్పుకున్న క్షణమే అది ఖాయమైపోయింది. అణువులు పూర్తిగా యాదృచ్ఛికంగా అటూ ఇటూ తిరిగి ఉంటే బిందువుల నడుమ ఒక నునుపైన పలుచని మబ్బు తప్ప మరేమీ కనిపించకూడదు. గీతలు కనిపించాయంటే పొరుగువారిని చూసి కూర్చున్నారన్నమాట.

కొత్తగా_చేరాను
మా ఇంటి పెళ్ళిళ్ళలో మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలన్నదే తేలదు. దానికి ఏ సిమ్యులేషనూ చాలదనుకుంటాను.

గ్రెనోబుల్_గోదారి
సిద్ధాంతంలోకి వెళ్ళే ముందు ఆ గీతలు స్ఫటికానివో యంత్రానివో తేల్చుకోవాలి. నేను సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) బీమ్‌లైన్‌లో పనిచేస్తాను. వారానికి ఒకరైనా యంత్రపు దోషాన్ని కొత్త భౌతికశాస్త్రమనుకొని వస్తారు. పాత సీసీడీ డిటెక్టర్ అయితే బలమైన బిందువు పొంగి, చదివే దిశలో గీతలా పారుతుంది. సగం తరంగదైర్ఘ్యపు కిరణాలు కలిసి ఉంటే సరిగ్గా అర స్థానాల్లోనే దొంగ బిందువులు పుడతాయి. అయితే అవి బిందువులే అవుతాయి తప్ప గీతలు కావు. నూనె ఎక్కువ పూస్తే వలయాలు వస్తాయి. స్ఫటికాన్ని వేరే కోణంలో బిగించి మళ్ళీ కొలవండి. గీతలు స్ఫటికంతోపాటు తిరిగితే అవి స్ఫటికానివి, డిటెక్టర్‌తో ఉండిపోతే డిటెక్టర్‌వి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఒక పొరలో గీత కనిపించిందంటే అది నిజంగా గీత కావచ్చు, ఒక పలక ఆ పొరను కోసిన చోటు కూడా కావచ్చు. ఎ-అక్షం దిశలో స్థానం చెప్పే హెచ్ విలువ 0, 1, 2 దగ్గర మాత్రమే కాక 0.3 దగ్గర, 0.7 దగ్గర కూడా కోసి చూడండి. అక్కడా అదే గీత ఉంటే అది పలక.

స్ఫటికశ్రీ
గోదారి గారూ, మాది ఫోటాన్‌లను లెక్కించే డిటెక్టర్, పొంగే రకం కాదు. మీరు చెప్పినట్టు స్ఫటికాన్ని తిప్పి బిగించి, ఫ్రేముకు పది సెకన్లకు బదులు రెండు నిమిషాలు ఇచ్చి మళ్ళీ కొలిచాను. గీతలు స్ఫటికంతోనే తిరిగాయి. హెచ్ 0.3 పొరలోనూ అదే చోట ఉన్నాయి. ఆపైన ఎల్ విలువ అర దగ్గర అడ్డంగా కోసిన పొరను చూసి కాసేపు మాట రాలేదు. ఎల్ సున్నా పొరలో నల్లటి నేపథ్యం మీద బిందువులు మాత్రమే ఉంటే, అర పొర మొత్తం మబ్బుపట్టిన చంద్రుడిలా వెలుగుతోంది, ఒక్క పదునైన బిందువు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఈ ఫ్రేములు నా దగ్గరే ఉన్నాయి. ఇంటిగ్రేషన్ ప్రోగ్రాము బిందువుల చుట్టూ చిన్న పెట్టెలు గీసుకొని, మిగతాదంతా పారేసిందన్నమాట.

మోంటీకార్లో_మూర్తి
అయితే పలకే. దిశ గుర్తుపెట్టుకోవడానికి సులువు ఒకటి ఉంది. స్ఫటికంలో అమరిక ఒక్క దిశలోనే, అంటే ఒక వరుసలోనే ఉంటే, వ్యుత్క్రమ జాలకంలో ఆ దిశకు లంబంగా పలకలు వస్తాయి. అమరిక ఒక పొర అంతటా ఉండి, పొర మీద పొర పేర్చడంలోనే గందరగోళం ఉంటే కడ్డీలు వస్తాయి. మీకు వచ్చినవి సి-అక్షానికి లంబంగా ఉన్న పలకలు. కాబట్టి సి-అక్షం వెంట నిలువుగా పేర్చిన ప్రతి దొంతరలోనూ ఒక క్రమం ఉంది, పక్క దొంతరకు మాత్రం ఈ దొంతర ఏం చేస్తోందో తెలియదు. పలకలు అర స్థానాల్లో ఉన్నాయంటే దొంతరలో అణువులు ఒకటి విడిచి ఒకటి తల తిప్పుకుంటున్నాయి, ఆవర్తన దూరం రెట్టింపవుతోంది. అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటే పలకలు పూర్ణాంకాల మీద పడి, బ్రాగ్ వరుసల వెలుగులో కలిసిపోయి, మీకు కనిపించేవే కావు.

పలక మందం ఎంత ఉందో చెప్పగలరా?

స్ఫటికశ్రీ
సగం ఎత్తు దగ్గర వెడల్పు ఎల్ ప్రమాణంలో సుమారు 0.1 ఉంది. సి-అక్షం 4 ఆంగ్‌స్ట్రాములకు కాస్త తక్కువ.

మోంటీకార్లో_మూర్తి
అయితే కాగితం మీదే సగం పని అయిపోతుంది. సహసంబంధం, అంటే ఒక అణువు దిశకూ ఇంకొకదాని దిశకూ ఉన్న పొత్తు, దూరంతో ఘాతాంక రీతిలో తగ్గుతుందని అనుకుంటే, దాని పొడవు ఒకటిని పై, 0.1ల లబ్ధంతో భాగించినంత, అంటే సుమారు 3.2 సెల్‌లు, పన్నెండు ఆంగ్‌స్ట్రాములకు అటూ ఇటూ. పక్క అణువుతో సహసంబంధం సుమారు −0.73. మామూలు మాటల్లో చెప్పాలంటే, దొంతరలో ఏ అణువును పట్టుకున్నా దాని పై అణువు తల తిప్పుకొని ఉండే అవకాశం నూటికి 86 లేదా 87. పూర్తి క్రమం కాదు, పూర్తి గందరగోళమూ కాదు. రసాయనశాస్త్రం దృష్టితో చూసినా ఇది సబబే. ద్విధ్రువ భ్రామకం (ఒక కొస కాస్త ధనావేశం, రెండో కొస కాస్త ఋణావేశం) ఉన్న చదును అణువులను ఒకదాని మీద ఒకటి పేర్చితే అవి ఎదురెదురు దిశల్లో ఉండడానికే ఇష్టపడతాయి.

యంత్రపు సొంత మసక కొంత ఆ 0.1లో కలిసి ఉంటుంది కాబట్టి అసలు సహసంబంధం ఇంతకన్నా కాస్త ఎక్కువే ఉండవచ్చు. దగ్గరలోని ఒక బ్రాగ్ బిందువు వెడల్పు కొలిచి పోల్చుకోండి.

మాత్రల_మనిషి
నేను మందుల పరిశ్రమలో ఘనరూపాల విభాగంలో ఉన్నాను. కడ్డీల గురించి మూర్తి గారు అన్న మాటకు మా వైపు నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను, దానికి హైదరాబాదుతో సంబంధం కూడా ఉంది. ఆస్పిరిన్‌కు రెండో స్ఫటిక రూపం దొరికిందని 2005లో ప్రకటించారు. అది నిజంగా వేరే రూపమేనా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2007లో ఆండ్రూ బాండ్, రోలాండ్ బోసె, అప్పట్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్న గౌతమ్ దేశిరాజు కలిసి, ఒకే స్ఫటికంలో రెండు రూపాల ప్రాంతాలూ కలగలిసి పెరగగలవని చూపించారు. రెండు రూపాల్లోనూ పొరలు దాదాపు ఒకటే, పొర లోపల కార్బాక్సిలిక్ ఆమ్లపు జంటలూ ఒకటే. తేడా అంతా ఒక పొర మీద తర్వాతి పొర సి-అక్షం వెంట సగం సెల్ జరిగిందా లేదా అన్నదే.

సగం సెల్ జరుగుడు ఎల్ సరిసంఖ్య అయిన బిందువులను ముట్టుకోదు, బేసిసంఖ్య అయిన వాటినే చెరుపుతుంది. అందుకే కలగలిసిన స్ఫటికంలో సరిసంఖ్య వరుసలు పదునుగా ఉంటే, బేసిసంఖ్య వరుసలు వ్యుత్క్రమ జాలకంలోని ఎ-స్టార్ దిశలో సాగిపోయి కడ్డీలవుతాయి. వాటిని చూడకుండా బిందువులను మాత్రమే లెక్కగడితే, ఉన్న మిశ్రమాన్ని ఏదో ఒక రూపం పేరుతో నమోదు చేసేస్తాం. మా రంగంలో రూపం పేరు తప్పితే పేటెంటు దగ్గర నుంచి కరిగే వేగం వరకు అన్నీ తప్పుతాయి.

అడ్డుప్రశ్న
మా ఇంట్లో ఆస్పిరిన్ వేసుకునేవారికి ఇది చెప్పవచ్చునా, లేక తలనొప్పి పెరుగుతుందా?

పాత_మాస్టారు
బిందువుల నడుమ వెలుగు గురించిన గొడవ కొత్తది కాదు. మన విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1940లో నీలకంఠన్‌తో కలిసి వజ్రం ఎక్స్‌రే చిత్రాల్లో ఇలాంటి అదనపు మచ్చలు చూసి, వాటికి కేవలం ఉష్ణ కంపనాలతో కుదరని ఒక కొత్త వివరణ ప్రతిపాదించారు. లండన్‌లో స్ఫటికశాస్త్రవేత్త కాథలీన్ లాన్స్‌డేల్ కంపనాల పక్షాన నిలిచారు. కంపనాల సిద్ధాంతమే చివరకు నిలబడింది. అయితే ఒక మెలిక ఉంది. కొన్ని గీతలు ఒక రకం వజ్రాల్లో కనిపించి మరొక రకంలో కనిపించకపోవడం లాన్స్‌డేల్ స్వయంగా గమనించారు. కంపనాలైతే అన్ని వజ్రాల్లోనూ ఉండాలి కదా. ఆ గీతలు వజ్రంలోని పలుచని పలకల వంటి లోపాలవని తర్వాత తేలింది. కనుక శ్రీ గారు తన మబ్బులో ఎంత కంపనం, ఎంత తలతిప్పుడు అన్నది విడదీయాలి.

గ్రెనోబుల్_గోదారి
మాస్టారి మాటకు తోకగా ఒకటి చెబుతాను. విడదీయడానికి స్ఫటికాన్ని 100 కెల్విన్‌కు చల్లార్చి చూడండి. బ్రాగ్ బిందువులకు అంటుకుని ఉన్న ఉబ్బెత్తు మసక తగ్గితే అది కంపనం. అర స్థానాల పలకలు కదలకుండా ఉంటే అవి గడ్డకట్టిన క్రమరాహిత్యం. అన్ని స్ఫటికాలూ ఇలా ఉండవు. పారా-టెర్‌ఫినైల్‌లో నడిమి వలయం రెండు స్థితుల మధ్య ఊగుతుంది, అందుకే దాన్ని చల్లార్చుతూ 193 కెల్విన్ దగ్గరకు తెస్తే మసక కాస్తా పదునైన కొత్త బిందువులుగా కూడుకుంటుంది. మీ అణువు పొడవాటిది. స్ఫటికం లోపల తల కిందులుగా తిరగడానికి చోటు లేదు.

స్ఫటికశ్రీ
100 కెల్విన్ దగ్గర కొలిచాను. ఉబ్బెత్తు మసక బాగా తగ్గింది. పలకల మందం మారలేదు.

ఇప్పుడు సిమ్యులేషన్ గురించి అడుగుతాను. కాగితం లెక్కతోనే 86 శాతం వచ్చినప్పుడు కంప్యూటర్ ఎందుకు? గైడ్ గారు కూడా ఇదే అడిగారు, కాకపోతే కొంచెం గట్టిగా.

మోంటీకార్లో_మూర్తి
దొంతర ఒక్కటే అయితే కాగితం చాలు. పక్క దొంతరలు ఒకదాన్నొకటి కొంచెమైనా పట్టించుకుంటే, పైగా అణువులు తిరిగిన తీరును బట్టి కొద్దిగా జరుగుతూ ఉంటే, కాగితం చేతులెత్తేస్తుంది. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో రిచర్డ్ వెల్బెరీ బృందం దశాబ్దాల పాటు అణు స్ఫటికాల మీద చేసిన పని చాలావరకు ఈ మోంటీ కార్లో (పాచికలు వేసినట్టు యాదృచ్ఛికంగా నడిపే) సిమ్యులేషన్ పద్ధతిలోనే సాగింది, మీ కుటుంబానికి చెందిన బెంజిలిడీన్ అనిలీన్‌లు కూడా అందులో ఉన్నాయి.

పద్ధతి ఇది. 32 × 32 × 32 సెల్‌ల పెట్టె తీసుకోండి, 32,768 స్థానాలు. ప్రతి స్థానంలో అణువు ఏ వైపు తిరిగిందో +1 లేదా −1. మొదట నాణెం ఎగరేసినట్టు నింపండి. తర్వాత ఏవో రెండు స్థానాలను ఎంచుకొని వాటి విలువలు మార్పిడి చేయండి, అలా చేస్తే సగం సగం నిష్పత్తి చెడదు. శక్తి తగ్గితే ఆ మార్పిడిని ఉంచుకోండి. పెరిగితే బోల్ట్‌జ్‌మాన్ సంభావ్యతతో (శక్తి ఎంత పెరిగితే అవకాశం అంత తక్కువ) పాచిక వేసి ఉంచాలా, వెనక్కి తీయాలా నిర్ణయించండి. ఇది 1953 నాటి మెట్రోపోలిస్ పద్ధతి. స్థానానికి కొన్ని వందల సార్లు తిరిగాక, అణువుల నడుమ స్ప్రింగులు పెట్టి రెండో దశలో వాటిని జరగనివ్వండి. చివరకు ఆ పెట్టె నుంచి డిఫ్యూజ్ చిత్రాన్ని గణించి, మీ ఫ్రేములతో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రోజే పది పరామితులు పెట్టవద్దు. దొంతర వెంట ఒక్కటి చాలు.

క్వాంటమ్_కాకి
ఆ ఒక్క పరామితిని కూడా చేత్తో ఎందుకు పెట్టాలి? రెండు అణువులను ఎదురెదురుగా ఒకసారి, ఒకే వైపుకు ఒకసారి పెట్టి, విక్షేపణ బలాలు (అణువుల మధ్య బలహీనమైన ఆకర్షణలు) కలిపిన డీఎఫ్‌టీ అనే క్వాంటమ్ లెక్కతో శక్తి కడితే సరిపోతుంది కదా? లేకపోతే ఇది చిత్రానికి చిత్రం అతికించడమే అవుతుంది.

మోంటీకార్లో_మూర్తి
కాకి గారూ, అతికించడం అన్నందుకు నొచ్చుకున్నాను కాని, లెక్క చేసి చూద్దాం. −0.73 సహసంబంధం రావాలంటే ఒకే వైపు ఉన్న జతకూ ఎదురెదురు జతకూ శక్తి తేడా 1.86 కెటి (కెటి అంటే ఆ ఉష్ణోగ్రత దగ్గరి ఉష్ణశక్తి ప్రమాణం) ఉండాలి. 300 కెల్విన్ దగ్గర అది మోలుకు సుమారు 4.6 కిలోజౌల్. మీ డీఎఫ్‌టీ ఆ అంకె ఇస్తే నాకు సంతోషమే.

క్వాంటమ్_కాకి
300 అని ఎవరు చెప్పారు? గోదారి గారు ఇప్పుడే అన్నారు, స్ఫటికంలో అణువు తిరగలేదని. అంటే ఈ అమరిక స్ఫటికం పెరిగేటప్పుడే ఖాయమైంది. శ్రీ గారు వేడి ఇథనాల్‌లోంచి పెంచి ఉంటే అప్పటి ఉష్ణోగ్రత వేయాలి. 330 అనుకుంటే అంకె 5.1 అవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. పెరుగుతున్న ఉపరితలం మీద వచ్చి వాలే అణువుకు కింది పొరుగువాడు మాత్రమే ఉన్నాడు, పైవాడు ఇంకా రాలేదు. సమతాస్థితే లేనప్పుడు బోల్ట్‌జ్‌మాన్ ఎక్కడి నుంచి వచ్చాడు?

మోంటీకార్లో_మూర్తి
ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. నా పెట్టెలోని శక్తి అసలు శక్తి కాదు, కావలసిన సహసంబంధాలను పుట్టించే పనిముట్టు. వ్యాసంలో దాన్ని కిలోజౌల్‌గా రాయకుండా సహసంబంధంగానే రాయడం నిజాయితీ. మీ డీఎఫ్‌టీ అంకె పక్కన ఉంటే ధన, ఋణ గుర్తు సరిపోయిందా, పరిమాణం దరిదాపుల్లో ఉందా అని చూసుకోవచ్చు.

అడ్డుప్రశ్న
ఇప్పటిదాకా నవ్వించాను, ఇప్పుడు నిజంగా అడ్డుపడతాను. చిత్రం సరిపోయినంత మాత్రాన మోడల్ సరైనదని ఎలా అంటారు? చదరంగం బల్ల లాంటి గళ్ళ కాగితం తీసుకోండి. ప్రతి అడ్డు వరుసకు ఒక నాణెం, ప్రతి నిలువు వరుసకు ఒక నాణెం ఎగరేసి, +1 లేదా −1 రాసుకోండి. ప్రతి గడిలో దాని రెండు నాణేల లబ్ధం వేయండి. గళ్ళకు నలుపు తెలుపు రంగులు వేస్తే కంటికి అడ్డపట్టీలు, నిలువుపట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఏ నాలుగు పక్క గళ్ళను గుణించినా +1 వస్తుంది. అయినా ఏ రెండు గళ్ళ మధ్యా సగటు సహసంబంధం సున్నాయే. అలాంటి కాగితాలు చాలా చేసి వాటి వివర్తనాన్ని సగటు తీస్తే, పూర్తిగా యాదృచ్ఛికమైన కాగితం ఇచ్చే మబ్బే వస్తుంది. స్కాటరింగ్‌కు జతలే తెలుసు, నలుగురి గుంపు తెలియదు.

క్వాంటమ్_కాకి
ఇది నిజం. అందుకే మూర్తి గారి పెట్టెలోకి రసాయనశాస్త్రం రావాలని అంటున్నాను.

మోంటీకార్లో_మూర్తి
నిజమే. రివర్స్ మోంటీ కార్లో పద్ధతిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పరమాణువులను చిత్రానికి సరిపోయే వరకు జరుపుతూనే ఉంటారు. చిత్రం సరిపోతుంది, పెట్టెలో మాత్రం ఎవరూ నమ్మని అమరిక ఉండవచ్చు. పెట్టెను ముందు కొద్దిపాటి సహేతుకమైన బలాలతో నడిపి, తర్వాత చిత్రంతో పోల్చే పద్ధతిలో కనీసం ఏ ఊహ పెట్టానో నాకు తెలుస్తుంది. నచ్చకపోతే త్రీడీ డెల్టా పీడీఎఫ్ ఉంది. బ్రాగ్ బిందువులను చిత్రంలోంచి తీసేసి, మిగిలినదాన్ని ఫూరియే పరివర్తనం చేస్తే, సగటుతో పోల్చి ఏ దూరంలో జతలు ఎక్కువో, ఏ దూరంలో తక్కువో మోడల్ లేకుండానే కనిపిస్తుంది. అందులోనూ జతలే కనిపిస్తాయి, ఆ లోటు తీరదు.

కొత్తగా_చేరాను
ఎక్స్‌రేలకు బదులు న్యూట్రాన్లు వాడితే లాభమా?

గ్రెనోబుల్_గోదారి
ఎక్స్‌రేలకు కనిపించే తేడా క్లోరిన్‌లోని 17 ఎలక్ట్రాన్లకూ మిథైల్‌లోని 9 ఎలక్ట్రాన్లకూ మధ్య ఉన్నదే, ఈ సమస్యకు అది చాలు. న్యూట్రాన్లకు మాత్రం మామూలు హైడ్రోజన్ శత్రువు. అమరిక గురించి ఏమీ చెప్పని దాని అసంబద్ధ స్కాటరింగ్ 80 బార్న్ (స్కాటరింగ్ బలాన్ని కొలిచే ప్రమాణం) వరకు ఉంటుంది, మీ మసక అందులో మునిగిపోతుంది. డ్యుటీరియం వేసి పదార్థాన్ని మళ్ళీ తయారు చేయాలి, మిల్లీమీటర్ల పరిమాణంలో స్ఫటికం పెంచాలి. ఇంట్లో యంత్రంతో ఇంత దూరం వచ్చారు కాబట్టి ముందు ఇదే ముగించండి.

స్ఫటికశ్రీ
మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. మొదటి సిమ్యులేషన్‌లో పలకలు వచ్చాయి కాని చిత్రమంతా ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. పెట్టె మొత్తాన్ని ఒకేసారి గణించడం వల్ల అలా వచ్చిందని, చిన్న చిన్న భాగాలుగా తీసుకొని సగటు చేయాలని తర్వాత తెలుసుకున్నాను. నునుపు వచ్చాక ఒక తేడా బయటపడింది. నా కొలతలో, అణువు పొడవు దిశలో చూస్తే, పలక మీది వెలుగు బ్రాగ్ వరుసలకు లోపలి వైపు కన్నా బయటి వైపు ఎక్కువ. సిమ్యులేషన్‌లో రెండు వైపులా సమానంగా ఉంది.

మోంటీకార్లో_మూర్తి
అది పరిమాణ ప్రభావం. అణువుల కొసలు తాకే చోట క్లోరిన్–క్లోరిన్ దూరం, మిథైల్–మిథైల్ దూరం ఒకటి కావు. క్లోరిన్ సుమారు 20, మిథైల్ సుమారు 24 ఘన ఆంగ్‌స్ట్రాములు ఆక్రమిస్తాయి. అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే ఒకదాని చోట ఇంకొకటి కూర్చోగలిగింది. ఈ మార్పిడి సూత్రం మీద, అది ఎప్పుడు పనిచేయదన్న దాని మీద 1980లలో దేశిరాజు బృందం హైదరాబాదులోనే పనిచేసింది. మీ ఊరి సరుకే. స్ప్రింగుల సహజ పొడవును జతను బట్టి మార్చండి.

స్ఫటికశ్రీ
మార్చాను. అసమానత వచ్చింది, కాని వెలుగు లోపలి వైపుకు పోయింది.

క్వాంటమ్_కాకి
క్లోరిన్ జతకు పొడవు పెంచారా, తగ్గించారా?

స్ఫటికశ్రీ
పెంచాను. +1 అంటే క్లోరిన్ పై కొస అని ఒక ఫైల్లో, కింది కొస అని ఇంకొక ఫైల్లో రాసుకున్నాను. రెండు రోజులు పోయాయి. సరిచేశాక వెలుగు బయటి వైపుకు వచ్చింది. గైడ్ గారు రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, ఏది కొలత, ఏది లెక్క అని అడిగారు. చెప్పాక, ఇంకొక స్ఫటికం మీద, వేరే ద్రావణిలో పెంచినదాని మీద, పలక మందం ఇదేనేమో చూసి రమ్మన్నారు. కాకి గారి ప్రశ్న ఆయనకు నేనే చెప్పాను.

క్వాంటమ్_కాకి
టోలుయీన్‌లో పెంచండి. ఇథనాల్‌తో వచ్చిన 0.1 మారితే బోల్ట్‌జ్‌మాన్ సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం.

అడ్డుప్రశ్న
మారకపోతే మిఠాయిలు నేను పంపిస్తాను.